సన్యాసిరావు గారి తిథి

ఝపటాపూర్, ఖరగ్‌పూర్.

అక్కయ్యకు నీ తమ్ముడు నమస్కరించి రాస్తున్నది. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? మనవలు బాగున్నారా? నేను కులాసాగానే ఉన్నాను, దిగులు పడకు. ఇక్కడ ఉక్క ఎక్కువ. మంచి చింతపండు దొరకడం లేదు, ఎవరైనా వస్తుంటే కాస్త పంపు. అడ్రసు మారింది చూశావు కదా. సన్యాసిరావు ఇల్లు వదిలి వేరే గది తీసుకున్నాను. సాయంత్రాలు పలకరించేవాళ్ళు లేరు, అయినా ఇదే నయం.

మన మేనత్త కొడుకే కదా అని అతను రమ్మనగానే వచ్చాను. ఇక్కడి మన తెలుగువాళ్ళ గుడి కోసం ఫోన్లో చూసుకునే పంచాంగం చేద్దామన్నాడు. తిథి, నక్షత్రం లెక్కల ప్రోగ్రాం అంతా నేనే రాశాను. వాటిని ఒకచోట చేర్చి బయటికి అందించే చిన్న ఫైలు మాత్రం అతను రాశాడు.

క్రితం నెల కంపైలర్ కూలిపోయింది. మనం రాసినదాన్ని యంత్రానికి పనికొచ్చేలా మార్చేది కంపైలర్. మామూలుగా తప్పు ఏ వరుసలో ఉందో చెబుతుంది. ఈసారి ఏమీ చెప్పకుండా అదే చచ్చి ఊరుకుంది. నాతో ఒక్క మాటైనా అనకుండా సన్యాసిరావు గుడి కమిటీ ముందు, "మా బావకి వయసైపోనాది. లెక్కలో ఏటో తప్పు సేసినాడు" అన్నాడు. జీవితమంతా లెక్కలు చెప్పి బతికినవాణ్ణి నేను.

తప్పెక్కడుందో తేల్చుకుందామని నా ఫైళ్ళు ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చాను. ఒక్క వరుస మిగిల్చినా కూలుతూనే ఉంది. ఇక అతని ఫైలు తెరిచాను. నేను పెట్టిన పేర్లన్నీ మార్చి బయటికి పంపుతున్నాడు: "సన్యాసిరావు గారి తిథి", "సన్యాసిరావు గారి నక్షత్రం". ఫోన్ తెర మీదా అవే కనిపిస్తాయి. మాటల మధ్య ఖాళీలున్న పేరైనా కొటేషన్లలో పెడితే చెల్లుతుందని ఆ భాష నియమం. కంపైలర్ రాసినవాళ్ళు మాత్రం అలాంటి పేరు ఎవరైనా పెడతారని ఊహించలేదు. నా పాత పేర్లు పెట్టి చూశాను, నడిచింది.

కమిటీ ఎదుటే అతన్ని నిలదీశాను.

"గుడిలో ఫ్యాను రెక్క మీద పేరు రాయించుకోమా బావా? ఇదీ అంతే గదా" అన్నాడు.

"ఫ్యాను కొన్నోడు రాయించుకుంటాడు. ఇందులో నువ్వేటి కొన్నావు?"

ప్రెసిడెంటు నవ్వి, "ఠీక్ హై, ఒకింటోళ్ళే గదా, ఎవరి పేరైతే ఏటి?" అని తేల్చేశాడు.

తప్పు నాది కాదని రుజువు కావాలని, కంపైలర్ తయారుచేసేవాళ్ళకు అంతా వివరంగా రాసి పంపాను. వాళ్ళు కృతజ్ఞతలు చెప్పి సరిచేశారు. ఇప్పుడు ఎలాంటి పేరు పెట్టినా అది కూలదు. సన్యాసిరావు తన పేర్లన్నీ మళ్ళీ పెట్టుకున్నాడు, గుడిలో శాలువా కూడా కప్పించుకున్నాడు. నేను రాసి పంపినందువల్లే అతని పేరు నిలబడింది. ఇన్ని పుస్తకాలు చదివాను, ఇలాంటి దొంగతనం ఎక్కడా తారసపడలేదు.

పెద్దలందరికీ నా దండాలు చెప్పు. అతను మీ ఇంటికి వస్తే భోజనం పెట్టు, నా ఊసు మాత్రం ఎత్తనివ్వకు. ఆ పంచాంగం నీ ఫోన్లోకీ వస్తుంది. తెరవగానే అతని పేరు కనిపిస్తుంది. అయినా ఏకాదశి ఎప్పుడని అది చెబితే అప్పుడే ఉపవాసం ఉండు. అందులో తప్పు ఉండదు.

నీ దీవెన కోరే తమ్ముడు,
రామ్మూర్తి