బుగ్గ మీది ఎరుపు

కాసిడీహ్, బుధవారం, డిసెంబరు 1978

డ్రాయింగు మాస్టారిచ్చిన పాత ఇటలీ బొమ్మ చూసి, అందులోని తల్లి ముఖాన్ని నూనె రంగుల్లో దించుతున్నాను. ఆ కాలంవాళ్లలాగే ముందు ఆకుపచ్చ పూత వేసి వారం ఆరనిచ్చాను. దానిమీద పల్చగా ఎరుపు పడితే చర్మానికి ప్రాణం వస్తుందట.

ఎంత ఎరుపు చాలునో నాన్ననే అడిగాను. ముప్పై ఏళ్లుగా కార్ఖానా ఫర్నేసులో కరిగిన ఉక్కు రంగు చూసి వేడి చెప్పే మనిషి.

సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి బొమ్మ ముందు కూర్చున్నాడు.

"ఇంకా సల్లగున్నాదే అమ్మీ. ఎరుపు సాల్లేదు."

ఇంకాస్త వేశాను.

"సాల్లేదంతన్నాను కదా!"

మళ్లీ వేశాను. ఆ తల్లి బుగ్గ చెంపదెబ్బ తిన్నట్టు కందిపోయింది. నాన్న బొమ్మకి ముఖం ఆనించినంత దగ్గరగా వంగి, కళ్లు చికిలించి చూశాడు.

"ఏటో, మసగ్గానే ఉన్నాది."

టర్పెంటైను గుడ్డతో ఎరుపంతా తుడిచేస్తుంటే కిందనుంచి ఆకుపచ్చ ముఖం మళ్లీ తేలింది. నాన్న లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

"మీ అమ్మకి సెప్పకే."

ఎన్నాళ్లనుంచి కళ్లు ఇలా అయ్యాయో అడగలేకపోయాను. ఎవరికైనా చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే...

రేపు ఉదయం డ్యూటీలో రంగు చూసి, అంతమంది మధ్య కరిగిన ఉక్కు పొయ్యమనేది ఆయనే.