కీలు బిగించింది నేను

మేష్టారికి,

వయసులో మీరు చిన్నవారైనా నమస్కారం పెడుతున్నాను, అవసరం నాది. మీ దగ్గర రోబో ప్రాజెక్టు చేసిన పిల్లకు తాతను. నలభై ఏళ్లు ఫిట్టరుగా చేసినవాణ్ని.

మీరు రోబోను పరీక్షించే ముందురోజు అది రోబో చెయ్యి ఇంటికి తెచ్చింది. మోచేతి కీలు వదులుగా ఆడుతోంది. నాకు తెలియని మర ఏముందిలే అనుకుని, పిల్లను అడక్కుండానే బిగించేశాను. ఆ వదులు కావాలనే ఉంచారట. మర్నాడు మీ ముందు చెయ్యి కదల్లేక మోటారు మాడిపోయింది. తప్పు తనదేనని పిల్ల చెప్పింది. మీరు ప్రాజెక్టులోంచి తీసేశారు. అప్పట్నుంచి పుస్తకం ముట్టడం లేదు.

"నా పేరెందుకు చెప్పలేదే?" అని గద్దించాను.

"నీకు పని రాదని వాళ్లు నవ్వుకుంటే నేను వినలేను తాతా" అంది.

నవ్వుకోండి మేష్టారూ. నాకు ఆ పని రాదు. దానికి వచ్చు, మళ్లీ రానివ్వండి.