వేడి లేపం మీద బిగించిన కట్టు

తిరుమలగిరి, 1948 సెప్టెంబర్

యూనియన్ సైన్యం వచ్చినప్పటి నుంచి మూసి ఉన్న బజారు ఇవాళ తెరిచారు. నేరుగా హకీం దుకాణానికి వెళ్ళాను.

బజారు మూసే ముందు రోజు నడుము నొప్పికని అతనిచ్చిన లేపాన్ని, అతను చెప్పినట్టే అమ్మ నడుముకు రాసి, కాపడం పెట్టి, గుడ్డ బిగించి కట్టాను. నడుమంతా బొబ్బలెక్కింది.

ఆ సంగతి చెబితే, "మంట పుట్టిందంటే మందు పట్టినట్లే బిడ్డా," అన్నాడు హకీం నవ్వుతూ.

"అట్లయితే మీ చేతికి రాసి కట్టుకోండి హకీంసాబ్. నేను గిక్కడే కూసుంట."

నలుగురూ చూస్తున్నారని కట్టుకున్నాడు. కాసేపటికే విప్పేసి చెయ్యి కడుక్కున్నాడు. తర్వాత అదే లేపం కోసం వచ్చిన ముసలామెతో, "జెర పల్చగ రాయమ్మా. కాపడం వద్దు, కట్టు సుత వద్దు," అన్నాడు.

ఆ మాట మాకెందుకు చెప్పలేదు? అమ్మ ఇప్పుడు బోర్లా పడుకుని మూలుగుతోంది. అతన్ని ఎంత తిట్టుకున్నా, ఆ ముడి బిగించింది నా చేతులే.