డాక్టరు గారికి చెప్పని మాట

డాక్టరు గారికి నమస్కారం.

నేను ఆరో నంబరు మంచం మీదున్న కుమారస్వామి భార్యను. నిన్న మీరు "ఇంట్లో కోళ్లు ఉన్నాయా?" అని అడిగితే ఆయన లేవన్నాడు. నేనూ తలూపాను. అది అబద్ధం.

నర్సంపేట దగ్గర మా ఊళ్లో మాకు ముప్పై నాటుకోళ్లు ఉండేవి. పోయిన వారం తల మీది జుట్లు నల్లబడి, రెండు రోజుల్లో అన్నీ చచ్చిపోయాయి. ఆయన వట్టి చేతులతో ఎత్తి పాతిపెట్టాడు. "ఎవ్వలకు చెప్పకు. తెలిస్తే సర్కారోళ్లొచ్చి ఊరోళ్ల కోళ్లన్నీ సంపుతరు. మనల్ని ఊళ్లె బతకనియ్యరు" అన్నాడు. నాలుగో రోజు ఆయనకు జ్వరం పట్టుకుంది.

ఈ పొద్దున పక్కింటి మొగిలమ్మత్త ఫోన్ చేసింది. "మా కోళ్లు గూడ తలకాయలు ఏలాడేసినయ్ బిడ్డా. మనుమరాలు కోడిపిల్లలను ఒళ్లెకెల్లి దించుతలేదు" అంది. అప్పటికి ఫోన్ పెట్టేశాను. తర్వాత భయమేసి, మళ్లీ చేసి అంతా చెప్పాను. ఆమె ఏడుస్తూ తిట్టింది. పశువుల డాక్టరుకు కూడా చెప్పాను.

మా ఆయన ముందు నోరు రాక, ఇది రాసి నర్సమ్మ చేతికిస్తున్నాను. ఏ పరీక్ష చేయాలో చేయండి. నాకూ నిన్నటి నుంచి ఒళ్లు కాలుతోంది. ఎవరు చెప్పారని ఆయన అడిగితే, మీ ఇంటామే చెప్పిందనండి.