వెనక సీటు

ఫ్లయింగ్ క్లబ్ షెడ్డు,
మంగళవారం మధ్యాహ్నం.

చిరంజీవి పిట్టకు మామయ్య దీవెనలు. ఇక్కడ నేను కులాసా అని రాయడం ఆనవాయితీ. ఈసారికి ఆ మాట దాటేస్తున్నాను.

నీ కుడి మణికట్టుకు కట్టు ఇంకో వారంలో విప్పుతారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎడమ చేత్తో నువ్వు రాసిన ఉత్తరం కోడి కెలికినట్టున్నా అక్షరం వదలకుండా చదివాను. ఇక విమానం జోలికి పోనన్నావు. ఇంజిను జోరు పెంచే ఆ లివర్ నిజంగా బిగుసుకుందా, నువ్వే భయపడ్డావా అని నన్నడిగావు.

మన బుల్లి విమానం షెడ్డు మూల విరిగిన రెక్క నేలకానించి కూర్చుంది. మెకానిక్ దాని చుట్టూ తిరుగుతూ, నేను వస్తే పక్కకెళ్ళిపోతున్నాడు. రన్‌వే పక్కన గాలివాటం చూపే గుడ్డగొట్టం ఇవాళ నీరసంగా వేలాడుతోంది. ఆ రోజు చూశావుగా, కాసేపు పడుకుని ఉన్నట్టుండి లేచి కొట్టుకుంది. అలాంటి గాలిలో మొండికేసి దిగొద్దు, లివర్ పూర్తిగా ముందుకు తోసి మళ్ళీ పైకి లేవమని నీకు నేర్పింది నేనే.

అదే పొద్దున క్యాంటీన్లో నేను కొట్టిన డప్పు గుర్తుందా? నా మేనకోడలు మొదటిసారికే దింపుతుంది, గాలికి జడిసి వెనుదిరగడం మా ఇంటావంటా లేదన్నాను. టీ గ్లాసులతో సహా అందరూ చూడ్డానికొచ్చి నిలబడ్డారు. ఒక చక్రం నేలను తాకగానే గాలి ఓ రెక్కను ఎత్తేసింది, రెండోది నేలకు గీసుకుంది. తర్వాత సంగతి నీ మణికట్టుకు తెలుసు.

నిన్న విచారణ కమిటీ కూర్చుంది. లివర్ తోశాననీ, అది కదల్లేదనీ నువ్వు చెప్పింది చదివారు. ముందు సీట్లో నీ లివర్‌నీ వెనక సీట్లో నా లివర్‌నీ కలిపే కడ్డీని మెకానిక్ ఊడదీసి బల్లమీద పెట్టాడు. దీనికి ఏ రోగమూ లేదండీ అన్నాడు. అయితే అమ్మాయే బిగుసుకుపోయి తోశాననుకుంది, ఇలాంటివాళ్ళకి లైసెన్సు ఇవ్వకూడదు అన్నాడు కమిటీ పెద్దాయన. నన్నడిగితే మంచినీళ్ళు తాగి, వెనకనుంచి నాకేం కనబడలేదన్నాను. అబద్ధం కాదు. నాకు కనబడింది నీ వీపే.

నిన్ను నాకు అప్పగించిన రోజు మీ అమ్మ ఒక్కటే మాటంది: "ఒరేయ్, దీన్ని నీ చేతిలో పెడుతున్నాను." నిన్నటినుంచి ఆ చేత్తో ముద్ద ఎత్తలేకపోతున్నాను. సిగ్గుగా ఉంది పిట్టా.

నీ ప్రశ్నకు జవాబు రాయాలనే కూర్చున్నాను. ఊసుపోని కబుర్లతో కాగితం నింపేశాను. మందులు వేళకి వేసుకో.

ఇట్లు,
మామయ్య

తా.క.: నువ్వు భయపడలేదమ్మా. సరైన సమయానికి, గట్టిగా తోశావు. అంతమంది ముందు దిగకుండా పైకి లేస్తే నా పరువేం కావాలని, వెనక నా లివర్‌ను కదలనివ్వకుండా పట్టుకున్నాను. నీకు తగిలిన బిగువు నా చెయ్యే. ఇదే మాట రాసి సంతకం పెట్టి, ఇందాకే కమిటీకి ఇచ్చి వచ్చాను. సాక్షి సంతకం మెకానిక్ పెట్టాడు. ఈ నాలుగు ముక్కలూ మీ అమ్మకు నువ్వే చదివి వినిపించు. గాలికి జడవని మీ మామయ్యకు ఆ ధైర్యం లేదు.