జాకీ పోసిన ఎర్ర పొర

రాంచీ

ఫ్లోరెన్స్ అత్తకు జాకీ వందనాలు.

ఫోనులో చెప్తే నీకు సగమే వినబడుతుంది, ఆ సగానికీ వేరే అర్థం తీస్తావు. అందుకే ఉత్తరం. హోటళ్ళ పోటీలో ఫైనల్‌కి వచ్చాను అత్తా. అది మన జంషెడ్‌పూర్‌లోనే, బిష్టుపూర్‌లో. నేను చేసేది ఒక పానీయం. నిమ్మరసం, పంచదార పాకం, గుడ్డు తెల్లసొన కలిపి గిలక్కొట్టి, ఐసు వేసి మళ్ళీ గిలక్కొట్టి, గ్లాసులోకి వడకట్టాలి. ఆపైన చెంచా తిరగేసి, దాని వీపు మీంచి రెడ్ వైన్ సన్నటి ధారగా పోయాలి. కింద తేనె రంగు, మధ్యలో ఎరుపు, పైన తెల్లటి నురగ నిలబడతాయి. చెయ్యి వణికిందా, అంతా బురదే. నా చెయ్యి వణకదు.

నాన్నను ఎలాగైనా తీసుకురా. నేను ఇక్కడి హోటల్లో రిసెప్షన్‌లో ఉన్నాననుకుంటున్నాడు. నా పని ఆయన ఒక్కసారి కళ్ళారా చూడాలి.

నీ మేనల్లుడు
జాకీ

తా.క. అందులో ఇంకొకటి కూడా పడుతుంది. అదేమిటో కలిశాక చెప్తాను.

భాలుబాసా

ప్రియమైన జాకీకి, ప్రభువు నామంలో అత్త దీవెనలు.

నీ ఉత్తరం చదివి మోకాళ్ళ మీద పడి దేవుణ్ణి స్తుతించాను. వైన్ అన్నావు గనక ఇది చర్చి వాళ్ళ పోటీ అని వెంటనే తెలిసిపోయింది. ప్రభువు బల్లకు ద్రాక్షరసం పోసే చెయ్యి మన ఇంట్లోంచి వస్తుందని ఎవరనుకున్నారు? మీ నాన్నకు చెప్పాను. పెళ్ళి విందుల్లో సైతం మందు మీద ప్రసంగం చేసి అన్నం చల్లార్చే మనిషి, మీ బర్మామైన్స్ పేటలో సందు సందునా తిరిగి నీ గొప్ప చెప్పుకున్నాడు. ఆరాధనలో ప్రకటన కూడా చేయించాడు. పాస్టరుగారూ, పాటల బృందమూ మాతో వస్తున్నారు.

నీ పానీయం మా స్త్రీల సమాజానికి చేసిపెట్టాను. క్రిస్మస్‌కి జాడీలో వేసిన ద్రాక్షరసమే పైన పోశాను. అందరూ మెచ్చుకున్నారు గానీ, నాకే ఏదో లోటనిపించి అల్లం దంచి వేశాను.

ప్రార్థనలో నిన్ను మరవని
ఫ్లోరెన్స్ అత్త

తా.క. నువ్వు దాచిన ఆ ఇంకొకటి అల్లమే కదూ? ఇన్నేళ్ళు బడిపిల్లల కడుపులో మాట పట్టినదాన్ని, నీది పట్టలేనా?

రాంచీ

అత్తకు, తలదించుకుని జాకీ రాసేది.

నీ ఉత్తరం నేను ఫైనల్‌కి బయల్దేరుతుంటే అందింది. నాన్నకు ఫోను చేసే ధైర్యం లేకపోయింది. హాల్లోకి వచ్చి చూస్తే పాటల బృందం తెల్లబట్టల్లో, ముందు వరసలో పాస్టరుగారు, పక్కన నాన్న పెళ్ళినాటి కోటుతో.

ఆ ఇంకొకటి విస్కీ అత్తా. మైకులో ఆ మాట చెప్పగానే మీ వరసంతా బిగుసుకుపోయింది. నేను తలెత్తకుండా పని చేశాను. వైన్ పోసి తలెత్తేసరికి నాన్న గుమ్మం దాటి వెళ్ళిపోతున్నాడు. మొదటి బహుమతి నాదేనన్నారు. కప్పు పట్టుకుని వెనక తలుపు గుండా వచ్చేశాను. ఇప్పుడా కప్పు చూస్తే ఏడుపొస్తోంది. ఈ పని మానెయ్యమంటే మానేస్తాను. నాన్న నాతో మాట్లాడితే చాలు.

ముఖం చెల్లని మేనల్లుడు
జాకీ

తా.క. అల్లం వేస్తే నిజంగానే బాగుంటుందని మా షెఫ్ అన్నాడు.

భాలుబాసా

బహుమతి కొట్టి పారిపోయిన మొనగాడికి అత్త దీవెనలు.

విస్కీ అన్న సంగతి నాకు వినబడనే లేదు. అందరూ బిగుసుకుంటే ఏసీ ఎక్కువైందనుకుని కొంగు కప్పుకున్నాను.

మీ నాన్న ఎక్కడికెళ్ళాడో తెలుసా? నువ్వు పోయడం చూసి ఈ అక్క చెవిలో అరిచాడు. "ఆడి చెయ్యి సూశావా అప్పా? ఈసమెత్తు వణకనేదు. కరిగిన ఇనుం మీద స్లాగ్ తెట్టు తేలినట్టు తేల్చేసినాడు. ఇది ముసలయ్య సూడాల." ఉక్కు కంపెనీ ఫర్నేసులో తనతో పనిచేసిన ఆ ముసలయ్యను తేవడానికి ఆటోలో పరుగెత్తాడు రా.

తిరిగొచ్చేసరికి నువ్వు లేవు. నీ గ్లాసు మాత్రం బల్ల మీదే ఉంది, ఎర్ర పొర ఇంకా కలవలేదు. దాన్ని ఎవ్వరినీ ముట్టుకోనివ్వలేదు. ముసలయ్యకీ, వెయిటర్లకీ, చివరికి బహుమతి ఇచ్చినవాళ్ళకీ పొర ఎలా నిలుస్తుందో వివరించాడు. వాడి ముఖంలో అంత గర్వం నేను ఏనాడూ చూడలేదు. మరి మీ ప్రసంగాల మాటేమిటని పాస్టరుగారు మెల్లగా అడిగారు. వాడు తడుముకోలేదు.

"తాగితే పాపమని ఈ ఆదివారం కూడా సెప్తాను పాస్టరుగారూ. పొయ్యడం పాపమని వాక్యంలో ఎక్కడుందో మీరు సూపించండి."

కప్పు తీసుకుని వెంటనే రా. స్టేషనుకు మీ నాన్నే వస్తాడు.

నిన్ను చూసి మురిసిపోయిన
ఫ్లోరెన్స్ అత్త

తా.క. నేనిది రాస్తుంటే వాడు పక్కన కూర్చుని నిమ్మనీళ్ళ మీద ద్రాక్షరసం పోస్తున్నాడు. పోసిన ప్రతి గ్లాసూ బురదే. నువ్వొచ్చి నేర్పాలట. ఆ మాట మాత్రం నీకు రాయొద్దన్నాడు.