అంట్ల బండ పక్కన ఆరో గులాబీ

నా మెడలో పెట్టిన డయాలసిస్ గొట్టం ఈ నెలలో రెండోసారి మూసుకుపోయింది. మళ్లీ మూసుకుపోతే ఇంకొకటి పెట్టడానికి ఒంట్లో చోటు లేదని డాక్టరుగారు మొన్న దాచకుండా చెప్పేశారు. అందుకని ఇప్పుడే రాస్తున్నాను.

ప్రకాశం జిల్లా బేస్తవారిపేట మండలంలో నివాసముంటున్న బత్తుల మాలకొండయ్య కుమార్తె యశోద అనే నేను, వయసు ఇరవై ఆరు, స్థిరబుద్ధితో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. ఇంతకు ముందు నేను వీలునామా రాయలేదు. మా వంశంలో ఎవరూ రాయలేదు. డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే.

దీనికి అమలుకర్తగా కాలేజీలో నాకు వృక్షశాస్త్రం చెప్పిన అరుణకుమారి మేడంను నియమిస్తున్నాను. ఆమె ఒప్పుకున్నారు. ఇంట్లో నా తరవాత చదవగలిగేది తమ్ముడు కోటి ఒక్కడే, వాడు ఏడుపొచ్చి సగంలోనే ఆగిపోతాడు. కాబట్టి మేడమే వచ్చి అందరికీ చదివి వినిపించాలి. నాలుగు, అయిదు, ఆరు అంశాలు మాత్రం నాయన వినేలా చదవకూడదు.

1. నన్ను సాగనంపేటప్పుడు బంతిపూలు చాలు. పెరట్లో గులాబీ పూసి ఉన్నా కోయొద్దు.

2. నా పుస్తకాలు, ఫోను కోటివి. వారానికి మూడుసార్లు నన్ను మార్కాపురం ఆసుపత్రికి తీసుకుపోవడానికి వాడు ఇంటర్ మధ్యలో మానేశాడు. అడిగితే, "నాకు లెక్కలు రావక్కా, అందుకే మానేసినా. నీకోసమనుకుంటుండావా ఏంది?" అంటాడు. పదో తరగతి లెక్కల్లో వాడికి తొంభై ఆరు. ఆ మార్కుల కాగితం నా పెట్టెలో పైనే ఉంది, అది కూడా వాడికే. వాడికి అబద్ధం చెప్పడం చేతకాదు. ఆ సంగతి వాడికి తెలియాలి.

3. రోజుకు నేను తాగాల్సిన నీళ్లు కొలుచుకునే రాగిచెంబు అమ్మకు. లోపల మేకుతో గీసిన గీత ఉంది, అది దాటి నేను తాగకూడదు. నేను తాగలేనని అమ్మ నా ఎదుట నీళ్లు తాగడమే మానేసింది. ఇక మీదట ఆ గీత దాటి, నిండా ముంచుకుని తాగాలి.

4. (ఇక్కణ్నుంచి నాయన ముందు చదవకూడదు.) మా పెరట్లో గులాబీ ఎందుకు బతకదో ఊరంతా చెప్పగలదు. నాలుగు రోజులు బోరు నీళ్లు పోస్తే ఆకుల అంచులు మాడతాయి, మట్టి మీద ఉప్పు తెల్లగా పేరుకుంటుంది. నా కిడ్నీలు పోయింది కూడా ఆ నీళ్లతోనేనా అంటే రుజువు చేసినవాళ్లు లేరు, నేనూ చెప్పలేను. ఆ నీళ్లతోనే బతికే గులాబీ కావాలని డిగ్రీ రెండో ఏడు నుంచి పట్టుబట్టాను. అమ్మమ్మ ఇంటి పన్నీరు గులాబీ పుప్పొడిని నర్సరీలో కొన్న ఎర్ర గులాబీకి అద్ది, కాయలు పండాక గింజలు తీసి విత్తాను. నూట పదిలో తొమ్మిది మొలిచాయి. వాటికి బోరు నీళ్లే పోశాను. ఒక్కటి నిలిచింది. పువ్వు మీగడ రంగు, రేకుల అంచులు పండుమిరప ఎరుపు, వాసన మాత్రం పన్నీరుదే.

ఆ ఒక్క మొక్కనే నమ్ముకోలేక, దాని కన్నులు తీసి ఆరు అడవి గులాబీలకు కట్టాను. కన్ను అంటే ఆకు మొదట్లో ఉండే చిన్న మొగ్గ. అడవి మొక్క బెరడు చీల్చి, దాన్ని లోపల దోపి, గుడ్డపేలిక చుట్టాలి. కట్టు దగ్గర మొలిచేది మన గులాబీ, కింద మొలిచేది అడవిది. ఆ వేసవిలోనే తల్లి మొక్కను మేక మొదలంటా మేసింది. ఆరూ ఉన్నాయి కదా అనుకున్నాను. తరవాత నన్ను ఒంగోలు ఆసుపత్రిలో నలభై రోజులు ఉంచారు.

ఆ నలభై రోజులూ నాయన ఎండ ఎక్కకముందే లేచి నీళ్లు పోశాడు. నా గులాబీ కొమ్మలు బక్కగా ఉండిపోయాయి, కింద అడవి చిగుళ్లు ఏపుగా లేచాయి. నాయన గొర్రెల మనిషి. ఒకే ఈతలో రెండు పిల్లలు పుట్టి తల్లికి పాలు చాలకపోతే, బలమున్న పిల్లనే తల్లి దగ్గర వదులుతాడు. అట్లనే ఆరింటిలో అయిదింటికి బక్క కొమ్మలు కోసేసి, అడవి చిగుళ్లకు కర్రలు పాతి కట్టాడు. నేను వచ్చిన రోజు చేయి పట్టుకుని తీసుకుపోయి అయిదు మొక్కలూ చూపించాడు. "చూడు బుజ్జమ్మా, నువ్వు పోయిన్నాటికి జానెడు, ఇప్పుడు నా నడుమెత్తు. సదువుకున్నోళ్లేనా, మేం పెంచలేమా?" అన్నాడు. "బాగా పెంచినావు నాయనా" అన్నాను. ఆ మాటను వెనక్కి తీసుకునే అధికారం ఈ వీలునామా ద్వారా ఎవరికీ ఇవ్వడం లేదు.

ఆ అయిదూ నాయనవి. ఎవరూ పీకకూడదు.

బక్కదాన్ని వదిలేసే ఆ పద్ధతిని ఆయన నా విషయంలో మాత్రం పాటించలేదు. గొర్రెల మందనంతా నా వైద్యానికే అమ్మి, ఇప్పుడు వేరేవాళ్ల గొర్రెలు కాస్తున్నాడు.

5. పక్కింటి కొండలరావు మామ నా మొక్కలకు పూసిన ఒకటీ అరా పూలను గోడ మీదుగా చేయి చాపి కోసుకుంటూనే, "గొర్రెలోళ్ల ఇంట్లో గులాబీలేందబ్బా!" అని నవ్వేవాడు. పై అయిదు అడవి మొక్కల పూలను అడక్కుండా కోసుకునే హక్కును ఆయనకు, ఆయన తదనంతరం ఆయన వారసులకు రాసిస్తున్నాను. ముళ్లు నా గులాబీకంటే ఎక్కువ.

6. ఆరో మొక్క అంట్లు తోమే బండ పక్కన ఉంది. నాయన దాని దగ్గరికీ కత్తి తీసుకుపోతే అమ్మ అడ్డుపడింది. "దాని జోలికి పోబాక. ఆస్పత్రికి పొయ్యేముందు బిడ్డ కట్టిన కట్టది. అదే వచ్చి ఇప్పుకుంటది" అన్నదట. అమ్మకు గులాబీల సంగతి తెలియదు. ఈ రకానికి కొండమ్మ అని అమ్మ పేరే పెడుతున్నాను. ఎవరు పెంచినా ఆ పేరుతోనే పెంచాలి.

ఈ మొక్కను సర్వహక్కులతో గిద్దలూరులో నర్సరీ నడిపే యాకోబన్నకు ఇస్తున్నాను. కన్ను కట్టడం నాకు నేర్పింది ఆయనే. "ఉప్పు నీళ్లకు బతికితే ఎవురిక్కావాలమ్మా? జనం పువ్వు సైజు చూస్తారు" అని నవ్విందీ ఆయనే. ఆ నవ్వుకు రెండేళ్లు ఆయన గడప తొక్కలేదు. అది నా తప్పు.

నీళ్లు రోజు విడిచి రోజు, పొద్దున్నే, రెండు చెంబులు, మొదట్లోనే పోయాలి. ఆకుల మీద పడనీయొద్దు. బోరు నీళ్లే పోయాలి. జాలిపడి క్యాను నీళ్లు పోస్తే ఇది దేనికోసం పుట్టిందో ఎవరికీ తెలియకుండా పోతుంది.

దీని నకలు ఈరోజే యాకోబన్నకు పంపుతున్నాను. అన్నా, దానికి ఉన్నది ఒకే కొమ్మ, కొమ్మకు నాలుగు కన్నులు. చలి ఉండగానే కట్టాలి. నా చేతులు వణుకుతున్నాయి, నావల్ల కాదు. కొమ్మ కోస్తే ఈ మొక్క దక్కదేమో, కోయకపోతే ఈ రకం ఈ ఒక్కదానితోనే పోతుంది. మీరు వస్తారన్న ఆశ నాకు పెద్దగా లేదు. అయినా డిసెంబరు ఎనిమిదో తేదీలోపు కోటి ఫోనుకు ఒక జవాబు చెప్పండి. రానంటే రానని చెప్పండి. అప్పుడు కొమ్మకు కత్తి పెట్టనివ్వను. దాని చివర ఒక మొగ్గ ఉంది, విచ్చుకోనిస్తాను.

తేదీ: 18 నవంబరు 2024, మార్కాపురం
(సంతకం) బత్తుల యశోద

సాక్షులు:
1. పేతురు, డయాలసిస్‌లో నా పక్క మంచం. "నీకంటే నేనే ముందు పోతే సాచ్చికం ఎవురు చెప్తారు పిల్లా?" అన్నాడు. అందుకని ఇంకొకరిని కూడా పెట్టాను.
2. నాగలక్ష్మి, నర్సు.